రూటరు పెట్టించుకున్న ఇంట్లో ముందుగా చేయవలసిన పనులు

కడపలో మేముండే వీధిలో పదిహేను ఇళ్లుంటే, వాటిలో పదమూడింటికి ఇప్పుడు ఫైబర్ నెట్ ఉంది. కేబుల్ అబ్బాయి వచ్చి, కరెంటు స్తంభం నుంచి సన్నటి నల్లతీగను కిటికీ సందులోంచి లోపలికి లాగి, గోడకు తెల్లపెట్టె బిగించి, ఫోనులో ఒక వీడియో ఆడించి చూపించి వెళ్లిపోతాడు. అరగంట పని. ఆ అరగంటలో అతను పెట్టిన పేరు, పెట్టిన పాస్‌వర్డ్ ఆ తరువాత ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. తలుపుకు కొత్త బీగం కొంటే రెండో చెవి ఎవరి దగ్గరుందని తప్పకుండా అడుగుతాం. ఇంట్లోని బ్యాంకు పనులు, పిల్లల చదువులు, కుటుంబ ఫోటోలు అన్నీ దాటి వెళ్లే ఈ పెట్టె విషయంలో మాత్రం ఆ ప్రశ్న ఎవరికీ తోచదు.

చాలా ఏళ్లుగా కంప్యూటర్ ల్యాబుల్లో పనిచేస్తూ, సాయంత్రం పూట చుట్టుపక్కల ఇళ్లలో నెట్ కష్టాలు చూస్తున్న మనిషిగా నాకు గట్టిగా అనిపించేది ఒకటే. ఇళ్లలో జరిగే నష్టాల్లో ఎక్కువ భాగం ఎక్కడో కూర్చున్న మేధావి హ్యాకరు వల్ల జరిగేవి కావు. పెట్టె ఎలా వచ్చిందో అలాగే వదిలేయడం వల్ల జరిగేవి. అందుకే డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనడానికి ముందు, ఒక ఆదివారం ఉదయం రెండు గంటలు తీరిక చేసుకుని ఈ కింది పనులు చేయమని అందరికీ చెబుతుంటాను.

పెట్టెలో జరిగే పని

ఆ తెల్లపెట్టె నిజానికి మూడు పరికరాల కలయిక. ఫైబర్‌లో వెలుగు రూపంలో వచ్చే సమాచారాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చే భాగాన్ని ఓఎన్‌టీ అంటారు. వచ్చిన ఒక్క కనెక్షన్‌ను ఇంట్లోని పరికరాలన్నింటికీ పంచే భాగం రూటరు. తీగ లేకుండా గాలిలో పంచేది వైఫై. పెట్టె ముందు వెలిగే దీపాల్లో రెండింటిని గుర్తుపెట్టుకుంటే చాలు. పీఓఎన్ అన్న దీపం పచ్చగా, నిలకడగా ఉంటే ఫైబర్ బాగున్నట్లు. ఎల్ఓఎస్ అన్న దీపం ఎర్రగా మెరుస్తూ ఉంటే వెలుగు అసలు రావడం లేదని, అంటే తీగ ఎక్కడో తెగిందనో బాగా మడతపడిందనో అర్థం. అప్పుడు రూటరును ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం ఉండదు, ఆపరేటరుకు ఫోను చేయవలసిందే.

ఇంట్లో చేరిన ప్రతి పరికరానికీ రూటరు ఒక ఐపీ చిరునామా ఇస్తుంది. అది సాధారణంగా 192.168తో గానీ 10తో గానీ మొదలవుతుంది. ఇళ్ల లోపల, ఆఫీసుల లోపల వాడుకోవడానికని ఈ అంకెల వరుసలను 1996 నాటి ప్రమాణంలోనే విడిగా కేటాయించారు కాబట్టి, మీ ఇంట్లోనూ ఎదురింట్లోనూ 192.168.1.5 అన్న చిరునామా ఒకేసారి ఉన్నా ఏ ఇబ్బందీ రాదు. బయటి ప్రపంచానికి ఈ లోపలి చిరునామాలు కనిపించవు. లోపలి నుంచి ఎవరు ఏది అడిగారో రూటరు గుర్తుంచుకుని, వచ్చిన జవాబును అడిగిన పరికరానికే చేరుస్తుంది. ఎవరూ అడగకుండానే బయటి నుంచి వచ్చినదాన్ని గడప దాటనివ్వదు. తలవాకిట అరుగు మీద కూర్చున్న జేజి, ముఖం తెలియని మనిషిని ‘ఎవరు గావల్ల నాయనా’ అని అక్కడే నిలబెట్టినట్లుగా ఉంటుంది ఈ పని. ఈ కాపలా పుట్టుకతోనే రూటరుకు ఉంది. దాన్ని మనమే మన చేతులతో తీసివేయకుండా చూసుకోవడమే తరువాత చెప్పబోయే చాలా సంగతుల సారాంశం.

వేగం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దీని మీద ఆపరేటర్లతో అనవసరంగా గొడవలు పడేవాళ్లను చూశాను. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కనుక, ఫైలు దించుకునేటప్పుడు సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి కనిపించదు.

రాతిగోడలు, ఎండలు

మన ప్రాంతపు పాత ఇళ్లలో వైఫైకి పెద్ద అడ్డంకి గోడలే. రాతితో కట్టి, మట్టితో పూసిన రెండడుగుల మందపు గోడలున్న మిద్దె ఇళ్లు కడపలోనూ, జమ్మలమడుగు, తాడిపత్రి వైపు పల్లెల్లోనూ ఇంకా ఎన్నో ఉన్నాయి. కేబుల్ అబ్బాయి తనకు తీగ ఎక్కడ దగ్గరైతే అక్కడ, అంటే వీధి కిటికీ పక్కన, పెట్టె బిగిస్తాడు. సగం సిగ్నలు వీధి పాలవుతుంది, మిగతా సగం గోడ పాలవుతుంది. మా ఇంట్లో రూటరు వీధి కిటికీ దగ్గర ఉన్నప్పుడు, పడసాలలో సిగ్నలు మైనస్ 48 డీబీఎం (సిగ్నలు బలాన్ని కొలిచే లెక్క) ఉంటే, లోపలి గదిలో మైనస్ 81 ఉండేది. మైనస్ 50 దగ్గర ఉంటే చాలా బాగున్నట్లు, మైనస్ 70 దాటి పడిపోతే తడబడుతున్నట్లు, మైనస్ 80 దగ్గర దాదాపు లేనట్లే. పెట్టెను పడసాల మధ్య గోడకు, తల ఎత్తున, లోపలి గది తలుపుకు ఎదురుగా వచ్చేలా మార్పించాను. లోపలి గదిలో అంకె మైనస్ 66కు వచ్చింది. ఖర్చయినది పదిహేను మీటర్ల ఫైబర్ తీగ, అతని గంట కూలి మాత్రమే. గోడలోంచి వెళ్లలేని సిగ్నలు తలుపులోంచి వెళ్తుంది. రాతి ఇళ్లలో పెట్టెకు చోటు వెతికేటప్పుడు గోడలను కాక తలుపులను చూడాలి. ఇనుప బీరువా వెనుక, టీవీ వెనుక, నీళ్ల తొట్టి పక్కన ఎప్పుడూ పెట్టకూడదు.

చాలా రూటర్లు ఇప్పుడు రెండు పౌనఃపున్యాల్లో పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌ది గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది, కాని ఇరుగుపొరుగు రూటర్లు, మైక్రోవేవ్ ఓవెన్లు అన్నీ అక్కడే గుమిగూడతాయి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగంగా ఉంటుంది, గోడ అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది. ఒకే గదిలో కూర్చుని పనిచేసే ల్యాప్‌టాప్‌కు 5, దూరపు గదిలోని ఫోనుకు 2.4 అని అనుకోవచ్చు. 2.4లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే; ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న వీధుల్లో పొరుగువారు వాడని ఛానెలును ఎంచుకుంటే తేడా తెలుస్తుంది.

కదలకుండా ఒకచోట ఉండే కంప్యూటరుకు మాత్రం తీగ వేయడమే మేలు. క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ అయిన తీగ 100 మీటర్ల వరకు సెకనుకు 1000 మెగాబిట్లు మోయగలదు. అంగట్లో చవకగా దొరికే వాటిలో రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు ఉంటాయి. పూర్తి రాగి తీగే అడిగి తీసుకోవాలి. తీగ వేసిన తరువాత కంప్యూటరు 1000కి బదులు 100 అని చూపిస్తుంటే, లోపలి ఎనిమిది తీగల్లో ఏదో ఒకటి కొస దగ్గర సరిగా కూర్చోలేదని అనుమానించాలి, ఎందుకంటే 100కు రెండు జతల తీగలు చాలు, 1000కి నాలుగు జతలూ కావాలి.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాల్లో గది లోపలే ఉడికిపోతుంటే, రూటరును మూసిన అలమరలో పెట్టడం దాన్ని చంపుకోవడమే. గాలి ఆడే చోట పెట్టాలి. కరెంటు పోయినప్పుడు నెట్ నిలవాలంటే రూటర్ల కోసం చేసిన చిన్న యూపీఎస్ కొనవచ్చు. కొనేముందు రూటరు అడాప్టరు మీద రాసి ఉన్న వోల్టులు, ఆంపియర్లు చూసి, వాటికి సరిపడేదే తీసుకోవాలి.

రెండు బీగాలు

అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది. రూటరుకు రెండు వేర్వేరు పాస్‌వర్డులు ఉంటాయి. మొదటిది వైఫైలో చేరడానికి ఫోనులో కొట్టేది. అందరికీ తెలిసినది అదే. రెండోది రూటరు లోపలి అమరికలను మార్చడానికి కావలసినది. చాలామందికి అది ఉన్నదన్న సంగతే తెలియదు. మొదటిది వీధితలుపు చెవి అయితే, రెండోది ఏ చెవి దేనికి పట్టాలో నిర్ణయించే అధికారం. వైఫై పాస్‌వర్డును ఎంత గట్టిగా పెట్టుకున్నా, రెండోది ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్లే ‘అడ్మిన్’, ‘అడ్మిన్’ అని ఉండిపోతే, ఇంటికి వచ్చి వైఫైలో చేరిన ఎవరైనా, మీ ఫోనులోకి దూరిన ఏ చెడ్డ యాప్ అయినా, రూటరును తన చేతిలోకి తీసుకోవచ్చు.

దీన్ని మార్చడం కష్టం కాదు. కంప్యూటరును రూటరుకు కలిపి, బ్రౌజరు పైభాగంలో చిరునామా రాసే చోట 192.168.1.1 అని గానీ 192.168.0.1 అని గానీ కొట్టాలి. రెండూ పలకకపోతే, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే, డిఫాల్ట్ గేట్‌వే అన్నదానికి ఎదురుగా కనిపించే అంకెలే మీ రూటరు చిరునామా. పేరు, పాస్‌వర్డు సాధారణంగా పెట్టె అడుగున అంటించిన కాగితం మీద ఉంటాయి. కొందరు ఆపరేటర్లు వాటిని తమ దగ్గరే ఉంచుకుంటారు. ఫోను చేసి మర్యాదగా అడిగితే చాలావరకు ఇస్తారు, ఇవ్వకపోతే కనీసం పాతది మార్చి పెట్టమని పట్టుబట్టాలి. లోపలికి వెళ్లగానే చేయవలసిన మొదటి పని ఆ అడ్మిన్ పాస్‌వర్డును మార్చడం. మార్చినదాన్ని ఒక కాగితం మీద రాసి, కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు పెట్టుకునే ఫైలులో పెట్టుకోండి. పాస్‌వర్డు కాగితం మీద రాయకూడదన్నది ఆఫీసు బల్ల విషయంలో నిజం. ఇంటి బీరువాలోని కాగితాన్ని చదవడానికి వేరే దేశంలోని దొంగ రాలేడు.

తరువాత వైఫై పాస్‌వర్డు. మన ఊళ్లలో సగం ఇళ్లకు అది ఇంటి యజమాని ఫోను నంబరే. అది ఎందుకు పనికిరాదో లెక్క వేసి చూద్దాం. చాలా రూటర్లలో, వైఫైలో ఒక ఫోను చేరేటప్పుడు గాలిలో జరిగే మాటామంతీని పక్కన నిలబడినవాడు పట్టుకుని, తన కంప్యూటరుకు తీసుకువెళ్లి, అక్కడ తీరిగ్గా ఒక్కొక్క పాస్‌వర్డూ పెట్టి సరిపోతుందేమో చూడవచ్చు. దానికి మీ ఇంటి దగ్గర ఉండనక్కరలేదు. మన దేశపు మొబైల్ నంబర్లు పది అంకెలవి, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యేవి. అంటే మొత్తం 400 కోట్లు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఒక్క కంప్యూటరు సెకనుకు పది లక్షలకు పైగా ప్రయత్నాలు చేయగలదు. 400 కోట్లను పది లక్షలతో భాగిస్తే 4000 సెకన్లు. గంట దాటి ఏడు నిమిషాలు. మీ నంబరు అతనికి ముందే తెలిస్తే అదీ అక్కరలేదు.

దానికి బదులు ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి రాసి, మధ్యలో ఒక అంకె ఇరికించండి. ఉగ్గాణి, రోకలి, చెరువుకట్ట, ముక్కుపుడక వంటి మాటలన్నమాట; ఇక్కడ రాసినవి కాకుండా మీకు తోచినవి. ఇంట్లో పిల్లలకు సులభంగా గుర్తుంటుంది, యంత్రానికి ఊహించడం చాలా కష్టమవుతుంది. వైఫై పాస్‌వర్డు 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండవచ్చు. ఇరవై దాటేలా చూసుకుంటే నిశ్చింత. సెలబ్రిటీల పేర్లు, దేవుళ్ల పేర్ల పక్కన 123, పుట్టిన సంవత్సరాలు వద్దు.

అక్కడే భద్రత రకం అన్న అమరిక ఉంటుంది. డబ్ల్యూపీఏ3 ఉంటే అదే పెట్టాలి. పాత ఫోన్లు చేరకపోతే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన రకం పెట్టవచ్చు. డబ్ల్యూఈపీ అన్నది ఎక్కడైనా కనిపిస్తే అది బీగం కాదు, బీగం బొమ్మ మాత్రమే. దాన్ని ఛేదించడం ఇరవై ఏళ్లకు పైగా తెలిసిన విద్య. పాస్‌వర్డు కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైలో చేరనిచ్చే డబ్ల్యూపీఎస్ అన్నదాన్ని ఆపేయాలి. అందులోని ఎనిమిది అంకెల పిన్‌ను రూటరు రెండు ముక్కలుగా సరిచూస్తుందని, చివరి అంకె మిగతా ఏడింటి నుంచి లెక్క కట్టేదేనని, అందువల్ల పది కోట్ల ప్రయత్నాలకు బదులు 11,000 ప్రయత్నాల్లోపే అది దొరికిపోతుందని 2011లోనే బయటపడింది. రిమోట్ మేనేజ్‌మెంట్, అంటే బయటి నుంచి రూటరు అమరికల్లోకి రావడం, మీ ఆపరేటరు తన పనికి కావాలని అడిగితే తప్ప ఆపి ఉంచాలి. యూపీఎన్‌పీ అన్నది ఇంట్లోని పరికరాలు మనల్ని అడగకుండా తమంతట తామే బయటికి తలుపులు తెరిపించుకునే సౌకర్యం. నా ఉద్దేశంలో ఇళ్లలో దాని అవసరం చాలా తక్కువ, ఆపేయడం మంచిది.

వైఫై పేరు దాచిపెడితే భద్రత పెరుగుతుందని కొందరు నమ్ముతారు. వెతికేవాడికి అది వెంటనే కనిపిస్తుంది కనుక ఆ శ్రమ అక్కరలేదు. పేరులో డోరు నంబరు, ఇంటిపేరు లేకుండా చూసుకుంటే చాలు.

డీఎన్ఎస్ అన్నది మనం కొట్టిన పేరును ఐపీ చిరునామాగా మార్చి ఇచ్చే సేవ. రూటరులో దాన్ని 9.9.9.9కు మారిస్తే, మోసపు సైట్లుగా గుర్తించిన పేర్లను అది అసలు తెరవనివ్వదు. చిన్నపిల్లలున్న ఇంట్లో 1.1.1.3 పెడితే వాటితోపాటు అశ్లీల సైట్లను కూడా ఆపుతుంది. రెండూ ఉచితమే. చివరగా ఫర్మ్‌వేర్ (రూటరు లోపల నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అన్నచోట నొక్కి కొత్తది ఉంటే ఎక్కించండి. తయారీదారు అప్‌డేట్లు ఇవ్వడం మానేసిన రూటరు ఎంత బాగా పనిచేస్తున్నా మార్చవలసినదే.

ఇంట్లో ఎవరెవరున్నారు

మా వెనుక వీధిలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారున్నారు. నెట్ నెమ్మదిగా ఉందని పిలిస్తే వెళ్లి, రూటరు లోపల చేరి ఉన్న పరికరాల జాబితా తెరిచాను. పద్నాలుగు కనిపించాయి. సారూ, మేడమూ, కొడుకూ కోడలూ, టీవీ, ల్యాప్‌టాపులు కలిపి ఎంత లెక్కపెట్టినా తొమ్మిదికి మించలేదు. ఒక్కొక్కదాన్నీ ఆపి చూస్తూ పోతే అసలు సంగతి తెలిసింది. మేడమీద అద్దెకున్న కుర్రాడికి ఒకసారి పాస్‌వర్డు చెప్పారు, అతను తన స్నేహితుడికి ఫోనులోని క్యూఆర్ కోడ్ చూపించాడు, ఆ స్నేహితుడు పక్క సందులోని ఇంకొకరికి.

‘రీల్సు చూసేదానికే కదా నాయనా, పోనీలే’ అన్నారు సార్.

ఇవ్వడంలో తప్పు లేదు సార్ అని చెప్పి, నేనొక పాత సంగతి గుర్తుచేశాను. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో పేలుళ్లు జరగడానికి కొద్ది నిమిషాల ముందు వార్తా సంస్థలకు వచ్చిన ఈమెయిల్, నవీ ముంబైలో ఉంటున్న ఒక విదేశీయుడి ఇంటి వైఫై మీదుగా వెళ్లింది. ఆయనకు దానితో ఏ సంబంధమూ లేదు. వైఫైకి సరైన భద్రత లేకపోవడమే కారణం. అయినా పోలీసులు ముందు వెళ్లింది ఆయన తలుపు దగ్గరికే. మన కనెక్షన్ మీద ఎవరు ఏమి చేసినా, ఐపీ చిరునామా పట్టుకుని వెతికినవారికి మొదట దొరికేది కనెక్షన్ తీసుకున్నవారి పేరే. సార్ కాసేపు ఆలోచించి, పాస్‌వర్డు మార్చమన్నారు. మేడమీద కుర్రాడి కోసం గెస్ట్ నెట్‌వర్క్ తెరిచి, వేరే పాస్‌వర్డు పెట్టి ఇచ్చాము. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్నవారికి ఇంటర్నెట్ అందుతుంది, ఇంట్లోని కంప్యూటర్లు మాత్రం కనిపించవు. దాని పాస్‌వర్డును పండుగకు ఇల్లు శుభ్రం చేసుకునేటప్పుడల్లా మార్చుకుంటే సరిపోతుంది.

జాబితా చూసేటప్పుడు ఒక జాగ్రత్త: ఇప్పటి ఫోన్లు తమ గుర్తింపు సంఖ్యను ఒక్కో నెట్‌వర్కుకు ఒక్కోటిగా మార్చుకుని చూపిస్తాయి. అందువల్ల తెలియని పేరు కనిపించగానే దొంగ అనుకోకుండా, ఇంట్లో ఫోన్ల వైఫై ఒక్కొక్కటే ఆపి సరిచూసుకోవాలి.

గెస్ట్ నెట్‌వర్క్ అతిథులకే కాదు. సీసీటీవీ కెమెరాలను, స్మార్ట్ టీవీని, వైఫై బల్బులను కూడా అందులోనే ఉంచండి. 2016లో మిరాయ్ అన్న చెడ్డ ప్రోగ్రాము, కెమెరాలకూ, వాటి రికార్డింగులు దాచే డీవీఆర్‌లకూ ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులను అరవై పైచిలుకు జతలుగా పట్టిక వేసుకుని, దొరికిన ప్రతి పరికరం మీదా వాటినే ప్రయోగించి, లక్షల పరికరాలను లోబరుచుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటిలో చాలావాటిని ఒకేసారి ఉసిగొల్పి ఒక పెద్ద డీఎన్ఎస్ సంస్థను కూలదోస్తే, అమెరికాలో ఎన్నో ప్రముఖ సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ కెమెరాల యజమానులకు తమ కెమెరా ఏం చేస్తున్నదో కూడా తెలియదు. కెమెరా బిగించినవాడు వెళ్లకముందే, అతని ఎదుటే, దాని పాస్‌వర్డు మీ చేత్తో మార్చుకోండి.

కంప్యూటరు, దాని నకళ్లు

కంప్యూటరు విషయంలో అన్నిటికన్నా ముందు అప్‌డేట్లు. 2017 మే 12న వాన్నాక్రై అన్న రాన్సమ్‌వేర్ నూట యాభైకి పైగా దేశాల్లో కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన రంధ్రాన్ని పూడ్చే అప్‌డేటును మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే, విడుదల చేసింది. ఎక్కించుకున్నవారికి ఏమీ కాలేదు. అప్‌డేట్ అడిగినప్పుడల్లా ‘తరువాత’ అని నొక్కే అలవాటును మానుకోవడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.

విండోస్ 7కు అప్‌డేట్లు 2020 జనవరి 14తో, విండోస్ 10కి సాధారణ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటరుంటే పారేయవద్దు. విండోస్‌కు బదులుగా పనిచేసే లైనక్స్ మింట్ వంటిది ఉచితంగా ఎక్కించుకుంటే బ్రౌజింగుకు, ఉత్తరాలు రాసుకోవడానికి, పిల్లల చదువుకు చక్కగా పనికొస్తుంది. దొంగ విండోస్‌ను ‘యాక్టివేట్’ చేసే క్రాక్‌లు మాత్రం వద్దు. అది నడవాలంటే యాంటీవైరస్‌ను ఆపమని అదే అడుగుతుంది; ఇంట్లోకి వచ్చేవాడు ముందు కుక్కను కట్టేయమంటే మనం రానిస్తామా?

విండోస్‌తోపాటే వచ్చే డిఫెండర్ అన్న యాంటీవైరస్, బయటివారిని ఆపే ఫైర్‌వాల్ ఇంటి అవసరాలకు చాలునన్నది నా అభిప్రాయం; అవి ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోవాలి. రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా కాకుండా సాధారణ ఖాతా వాడితే, పొరపాటున నొక్కినది కూడా పాస్‌వర్డు అడగకుండా లోతుగా దిగలేదు.

ప్రొద్దుటూరులో మా మేనమామకు బట్టల అంగడి ఉంది. అంగట్లోని లెక్కల కంప్యూటరును ఇంటి నుంచి చూసుకోవాలన్నారని ఒక మెకానిక్ రూటరులో పోర్టు ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చేవారిని లోపలి కంప్యూటరు దగ్గరికి నేరుగా పంపే అమరిక) పెట్టి, దూరం నుంచి కంప్యూటరును నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచాడు. పాస్‌వర్డు అంగడి పేరు, పక్కన సంవత్సరం. అరుగు మీద జేజిని లోపలికి పంపేసి తలుపు బార్లా తెరిచినట్లయింది. కొన్ని నెలలకు ఒక ఉదయం కంప్యూటరు తెరిస్తే ప్రతి ఫైలు పేరు చివరా అర్థంకాని అక్షరాలు, తెర మధ్యలో బిట్‌కాయిన్లు అడుగుతూ ఒక చీటీ. ఫైళ్లకు నకలు, అంటే బ్యాకప్, ఉందిలే అని నేను ధైర్యం చెప్పాను. వెళ్లి చూస్తే నకలు హార్డ్‌డిస్కు ఆ కంప్యూటరుకే రాత్రింబవళ్లు తగిలించి ఉంది. అందులోని ఫైళ్లకూ అదే గతి పట్టింది. జీఎస్టీ లెక్కలు పోర్టల్ నుంచి మళ్లీ తెచ్చుకున్నాం. నాలుగేళ్ల అరువు పద్దులు తిరిగి రాలేదు. మామ చేతిరాత పుస్తకాల్లో మిగిలినంత మటుకు, ఇచ్చేవారి మాట మీద వసూలయింది. నకలు ఎలా ఉందో ముందే నేనొకసారి వెళ్లి చూడకపోయానే అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే నకళ్ల గురించి పట్టుదలగా చెబుతాను. అసలుతో కలిపి మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల వాటి మీద ఉండాలి, ఒకటి ఆ ఇంట్లో కాకుండా వేరేచోట ఉండాలి. వారానికొకసారి హార్డ్‌డిస్కు తగిలించి, నకలు తీసి, పని అవగానే ఊడదీసి బీరువాలో పెట్టాలి. మూడు నెలలకొకసారి అందులోంచి ఒక ఫోటోనో లెక్కల ఫైలునో తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు నకలు కాదు. బయటి నుంచి కంప్యూటరు చూడవలసిన అవసరం నిజంగా ఉంటే, రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా తెరవకుండా, వీపీఎన్ (ఇంటర్నెట్ మీద మనకు మాత్రమే తెరుచుకునే గుప్తమైన దారి) ద్వారా చేసే పద్ధతి తెలిసినవారిని పిలిపించుకోండి. మీ రూటరులో పోర్టు ఫార్వర్డింగ్ పేజీ ఒకసారి తెరిచి, రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 గానీ మీకు తెలియని మరే వరుస గానీ కనిపిస్తే తీసేయండి.

మనమే తెరిచే తలుపు

ఇంత చేసినా, ఇంట్లోని మనిషి తనంతట తాను తెరిచే తలుపును రూటరు ఆపలేదు. పెళ్లిపత్రిక, బండి చలానా, పీఎం కిసాన్ సొమ్ము అన్న పేర్లతో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు వస్తున్నాయి. పత్రిక మామూలుగా బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటే అది యాప్, దాన్ని ఎక్కిస్తే మన ఎస్ఎంఎస్‌లు, వాటిలోని ఓటీపీలు చదివే వీలు వేరొకరికి ఇచ్చినట్లే. పంపినవారు మన బావగారే అయినా సరే, ఆయన ఫోను ముందే వారి చేతికి చిక్కి ఉండవచ్చు. బ్యాంకు నుంచి అంటూ ఫోను చేసి మన ఫోను తెరను దూరం నుంచి చూడనిచ్చే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ వంటి యాప్‌లు ఎక్కించమనేవారి మాట వినవద్దు. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే తప్ప తీసుకోవడానికి ఎప్పుడూ అక్కరలేదు. పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించే డిజిటల్ అరెస్టు అన్నది మన చట్టంలో లేదు. కొన్ని బ్రౌజర్లలో కనిపించే తాళం గుర్తు, దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే చెబుతుంది. దారి చివర ఉన్నవాడు మంచివాడని చెప్పదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాటలు ఒకసారి చెప్పి ఊరుకోకుండా, అన్నం తినేటప్పుడు కబుర్లలో కబురుగా మళ్లీ మళ్లీ చెబుతుండాలి. ఈమెయిల్‌కు, బ్యాంకుకు, వాట్సాప్‌కు రెండంచెల ధృవీకరణ (లోపలికి వెళ్లడానికి రెండో గుర్తింపు కూడా అడిగే ఏర్పాటు) పెట్టే పని మాత్రం వారికి వదలకుండా మీరే దగ్గర కూర్చుని చేసి పెట్టండి.

జరిగిపోయిన తరువాత

డబ్బు పోయినట్లు తెలిసిన క్షణంలో సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930కి ఫోను చేయాలి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి, బ్యాంకుకు చెప్పాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకొక ఖాతాకు దాటిపోయేలోపు ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ కాబట్టి, తిడతారేమోనని ఇంట్లో దాచిపెట్టడం వల్ల జరిగే నష్టం ఎక్కువ. ఎవరైనా మోసపోతే ముందు ఫోను చేయించండి, మిగతా మాటలు తరువాత.

కంప్యూటరులో ఏదో దూరిందని అనుమానం వస్తే వెంటనే వైఫై ఆపి, తీగ ఊడదీసి, దాన్ని ఇంటి నెట్‌వర్కు నుంచి వేరుచేయాలి. పరికరాల్లో దూరి వేరొకరి ఆజ్ఞ మీద నడిచే బాట్‌లను తొలగించే ఉచిత పనిముట్లను కేంద్ర ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 నుంచి అందిస్తోంది. పాస్‌వర్డులు మార్చేటప్పుడు ఆ కంప్యూటరు మీద కాకుండా, అనుమానం లేని వేరే ఫోను నుంచి మార్చండి. ముందు ఈమెయిల్‌ది, ఎందుకంటే మిగతా ఖాతాలన్నింటి పాస్‌వర్డులను తిరిగి తెచ్చుకునే లింకులు వచ్చేది అక్కడికే, తరువాత బ్యాంకుది, ఆ తరువాత రూటరు అడ్మిన్‌ది. కొత్త అడ్మిన్ పాస్‌వర్డును కరెంటు బిల్లుల ఫైలులోని కాగితం మీద పాతదాన్ని కొట్టేసి రాసుకోవడం మరువకండి.